ఫన్నెల్ రిపోర్టు చేయబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

మీ కంపెనీ వెబ్‌సైట్ ఫన్నెల్ రిపోర్టు, అదే, సైట్‌కొచ్చినవాళ్లలో కొనేదాకా ఒక్కో మెట్టు ఎంతమంది దాటారు, ఎక్కడ జారిపోయారు అని చూపేది, ఇకనుంచి నీ చేతిమీదుగానే వెళ్తుందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఎంత గర్వంగా అనిపించిందో! ఆ వెంటనే టెన్షన్ కూడా మొదలైంది. ఆ అంకెలు చూసే పైవాళ్లు ఎవరు పని చేస్తున్నారు, ఎవరు చేయట్లేదు అని తేల్చేస్తారు. నా భయమంతా అదే.

చిన్నవి ముందు చెప్పేస్తాను. సైట్‌కొచ్చినవాళ్ల లెక్కలు తీసే గూగుల్ అనలిటిక్స్ 4లో డేటా రిటెన్షన్, అంటే డేటా దాచి ఉంచే గడువు, మొదట్లో 2 నెలలకే పెట్టి ఉంటుంది. ఉచిత ఖాతాలో కూడా 14 నెలలకు పెంచుకోవచ్చు. ముందు వెళ్లి అది మార్చి, తర్వాత ఈ ఉత్తరం చదువు. పోయిన డేటా మళ్లీ రాదు. మీ ఆఫీసువాళ్ల విజిట్లు తీసేసే ఫిల్టర్‌ను కొన్నాళ్లు టెస్టింగ్‌లోనే, అంటే ఏదీ నిజంగా తీసేయకుండా గుర్తు మాత్రం పెట్టేలా, ఉంచు. నిన్నటి అంకెలు ఇవాళ పొద్దున్నే పంపేయకు, అవి స్థిరపడటానికి 24 నుంచి 48 గంటలు పట్టొచ్చు.

ఇక ఓపెన్ ఫన్నెలా, క్లోజ్‌డ్ ఫన్నెలా అన్నది. నేను ఒకప్పుడు పనిచేసిన చోట మా మేనేజర్ హోమ్ పేజీని మొదటి మెట్టుగా పెట్టి క్లోజ్‌డ్ ఫన్నెల్ కట్టించాడు. ఓపెన్‌లో ఏ మెట్టు దగ్గర చేరినవాళ్లైనా లెక్కలోకి వస్తారు. క్లోజ్‌డ్‌లో మొదటి మెట్టు మీదుగా రానివాళ్లు అసలు లెక్కలోకే రారు. మా ప్రకటనలు నొక్కినవాళ్లేమో నేరుగా వస్తువు పేజీలో దిగేవాళ్లు. చూసి, కొని, వెళ్లిపోయేవాళ్లు. హోమ్ పేజీ మొహం కూడా చూసేవాళ్లు కాదు. దాంతో రిపోర్టులో ప్రకటనల వల్ల వచ్చిన కొనుగోళ్లు దాదాపు కనిపించలేదు. ఆ ప్రకటనలు చూసుకునే అమ్మాయిని మీటింగులో అందరిముందూ నిలదీశారు. ప్రకటనలు ఆపేశారు. అమ్మకాలు పడిపోయాకగానీ ఎవరికీ ఆర్డర్ల లెక్క తీసి పక్కన పెట్టి చూడాలని తోచలేదు. అప్పటికే ఆ అమ్మాయి ఉద్యోగం మానేసింది. నీ వయసే ఉండేది. గ్రాఫ్ మాత్రం ఎంత అందంగా ఉందో, ఎవరికీ అనుమానమే రాలేదు.

అందుకే చెప్తున్నా, వినవే. సైన్‌అప్ ఫారంలాగా ఒకే దారిన నడవక తప్పనిచోట క్లోజ్‌డ్ పెట్టు. నాలుగు వైపుల నుంచీ జనం వచ్చే చోట ఓపెన్ పెట్టు. మెట్టుకీ మెట్టుకీ మధ్య ‘డైరెక్ట్‌లీ’, అంటే నడుమ ఇంకేదీ రాకూడదని, ఎంచుకుంటే, కార్ట్‌లో వేశాక డెలివరీ షరతులు చదివొచ్చి డబ్బు కట్టినవాడు కూడా మధ్యలో పారిపోయినట్టే తేలతాడు. గట్టి కారణం లేకపోతే, నడుమ ఏం చేసొచ్చినా లెక్కపెట్టే ‘ఇన్‌డైరెక్ట్‌లీ’నే ఉండనీ. గంటలోపు అని గడువు పెడితే రాత్రంతా ఆలోచించి పొద్దున కొనేవాళ్లు పోతారు. నాలాంటివాళ్లంతా అంతే!

ఆర్డర్ల లెక్కతో ప్రతిసారీ పోల్చు. రెండూ అచ్చంగా కలవవులే, కంగారు పడకు. ఫన్నెల్ లెక్కపెట్టేది మనుషుల్ని. ఒకరే రెండుసార్లు కొన్నా అక్కడ ఒకరే. తేడా ఎప్పుడూ ఉండేంతే ఉందా, ఉన్నట్టుండి పెరిగిందా అన్నది చూడు. సెట్టింగ్ ఏదైనా మారిస్తే తేదీ, కారణం రిపోర్టు కిందే రాయి.

మొదటి రిపోర్టు పైకి పంపేముందు నాకోసారి చూపించు. మీటింగులో ఎవరినైనా వేలెత్తి చూపడానికి నీ రిపోర్టు వాడబోతే, ఈ ఫన్నెల్ ఎవరెవర్ని లెక్కపెట్టట్లేదో నువ్వే ముందు నోరు తెరిచి చెప్పు.

మీ మావయ్య