షిఫ్ట్ డిలీట్ కొట్టేశారా? ముందు ఆ డ్రైవ్ ముట్టుకోకండి

ప్రశ్న: అన్నయ్య పెళ్లి ఫొటోలు ల్యాప్‌టాప్‌లో డీ డ్రైవ్‌లో ఉండేవండి. స్పేస్ కోసం పాతవి తీసేస్తూ ఆ ఫోల్డర్ కూడా షిఫ్ట్ డిలీట్ కొట్టేశా. రీసైకిల్ బిన్‌లో లేవు. మంచి రికవరీ సాఫ్ట్‌వేర్ చెప్తే డౌన్‌లోడ్ చేసుకుంటా.

జవాబు: ఆగండాగండి, ఆ డౌన్‌లోడ్ డీ డ్రైవ్‌లో పడిందంటే మొదటికే మోసం. డిలీట్ కొట్టగానే ఫొటో చెరిగిపోదు, విండోస్ ఆ చోటుకి టూలెట్ బోర్డు పెడుతుంది అంతే, పాత సామాను లోపలే ఉంటుంది, కొత్త ఫైల్ వచ్చి దిగేదాకా. అందుకే డీ లోకి ఏమీ కాపీ చేయకండి. ఇంకో కంప్యూటర్‌లో రెకువా అనే రికవరీ సాఫ్ట్‌వేర్ పోర్టబుల్ వెర్షన్ (ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచేది) పెన్ డ్రైవ్‌లోకి దించుకుని అక్కడి నుంచే రన్ చేయండి, దొరికినవి కూడా ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోనే సేవ్ చేయాలి. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు, దొరికిన ఫొటోలని ఆనందంగా మళ్లీ అదే డ్రైవ్‌లో సేవ్ చేసి మిగతావాటిని వాళ్లే తుడిచేసుకుంటారు.

రెకువాకి చిక్కకపోతే ఫొటోరెక్ ఉంది, పూర్తిగా ఫ్రీ, చూడ్డానికి నల్ల తెర మీద అక్షరాలే గానీ పని గట్టిగా చేస్తుంది. ఫైల్ పేర్లు మాత్రం తిరిగి రావు, వేలకొద్దీ ఫొటోలు ఏవో నంబర్లతో వస్తాయి, కూర్చుని ఏరుకోవాల్సిందే.

ఇదంతా హార్డ్ డిస్క్ అయితేనే. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్‌లో డిస్క్ మీద నొక్కితే హెచ్‌డీడీనా (లోపల పళ్లెం తిరిగే మామూలు హార్డ్ డిస్క్) ఎస్‌ఎస్‌డీనా (తిరిగే భాగాల్లేకుండా చిప్‌లలో దాచేది) తెలుస్తుంది. ఎస్‌ఎస్‌డీ అయితే నిజం చెప్పాలంటే ఆశ తక్కువ. ట్రిమ్ అని ఒకటుంటుంది, ఫలానా బ్లాకులు ఇక అక్కర్లేదని విండోస్ చెప్పగానే ఎస్‌ఎస్‌డీ వీలు చూసుకుని వాటిని తనే ఖాళీ చేసేస్తుంది, ఆ తర్వాత ఎన్ని వేలు పోసి కొన్న సాఫ్ట్‌వేర్ అయినా చేసేదేం లేదు. అప్పుడు గూగుల్ ఫొటోస్ ట్రాష్ చూడండి, బ్యాకప్ అయినవి డిలీట్ చేసినా 60 రోజులు ఉంటాయి. వన్‌డ్రైవ్ పర్సనల్ అకౌంట్ రీసైకిల్ బిన్‌లో అయితే 30 రోజులు. పెళ్లి ఫొటోగ్రాఫర్‌కి కూడా ఒక ఫోన్ కొట్టండి, చాలామంది ఒరిజినల్స్ కొన్నాళ్లు దాచుకుంటారు, అన్ని సాఫ్ట్‌వేర్ల కంటే ఇదే తేలిక!

డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్ అయితే ముందు ఫ్రీ స్కాన్ చేసి ప్రివ్యూలో ఫొటో పూర్తిగా తెరుచుకుంటేనే కొనండి. లిస్టులో పేరు కనిపించినంత మాత్రాన ఫైల్ బతికున్నట్టు కాదు. క్రాక్ వెర్షన్ల జోలికి మాత్రం వెళ్లొద్దు, ఉన్న ఫొటోలకి కూడా ఎసరు పెడతాయి.

ప్రశ్న: పెన్ డ్రైవ్ పెడితే ఫార్మాట్ చేయమని అడుగుతోంది సార్, అందులో మా డిగ్రీ ప్రాజెక్ట్ ఉంది, ఓకే నొక్కనా?

జవాబు: వద్దు, క్యాన్సిల్ కొట్టండి. ముందు ఇంకో పోర్టులో, ఇంకో కంప్యూటర్‌లో పెట్టి చూడండి. అక్కడా అంతే అంటే ఫొటోరెక్‌తో స్కాన్ చేయండి, పేరుకి ఫొటో అని ఉన్నా వర్డ్, పీడీఎఫ్ ఫైళ్లు కూడా లాగుతుంది. ఫైళ్లు బయటికొచ్చాక ఫార్మాట్ చేసుకోండి, కానీ ప్రాజెక్ట్ మాత్రం మళ్లీ దాంట్లో పెట్టకండి.

ప్రశ్న: ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ టిక్ టిక్ మంటోంది, రికవరీ స్కాన్ రాత్రంతా పెట్టొచ్చా?

జవాబు: అస్సలొద్దు, వెంటనే పీకేయండి. లోపల డేటా చదివే హెడ్ దెబ్బతిని ఉండొచ్చు, తిరిగే కొద్దీ డేటా ఉండే పళ్లెం, అంటే ప్లాటర్, గీసుకుపోతుంది. డేటా అంత ముఖ్యమైతే రికవరీ ల్యాబ్‌కి ఇవ్వండి, ఖర్చు ఎక్కువే, ముందే అడిగి తెలుసుకోండి.