తల్లిదండ్రులు ఒప్పుకుంటే టీచరు పిల్లల్ని కొట్టవచ్చా?

కొట్టకూడదు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక దండననూ, మానసిక వేధింపునూ నిషేధించింది, అమ్మానాన్నల అనుమతితో మినహాయింపు ఇవ్వలేదు. ఒకప్పుడు "నాలుగు తగిలించండి మాస్టారూ" అని నాన్నలే అప్పజెప్పి వెళ్లేవారు. వీధిబడుల్లో పిల్లల్ని తాడుకు వేలాడదీసే కోదండం శిక్ష వేసినా అడిగేవాళ్లు లేరు. దండం దశగుణం భవేత్ అన్న మాట అంతగా చెల్లింది. ఇప్పటి చట్టం చూసేది పిల్లవాడి హక్కును. అది నాన్న వదులుకోగలిగేది కాదు.

చాలామంది పొరబడేది ఇంకోచోట: బెత్తం వాడకపోతే చాలనుకుంటారు. హోంవర్క్ చేయలేదని వంద గుంజీలు తీయించినా, గోడకుర్చీ వేయించినా శారీరక దండనే. క్లాసు ముందు "మొద్దు" అని నవ్వులపాలు చేస్తే అది మానసిక వేధింపు కిందికి వస్తుంది.

ఉల్లంఘిస్తే ఆ సెక్షన్ కింద ఉండేది సర్వీసు నిబంధనల ప్రకారం క్రమశిక్షణ చర్య, జైలు కాదు. గాయపరిస్తే క్రిమినల్ కేసు వేరు. ఈ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వారికే అయినా, పదో తరగతి పిల్లల్ని కొట్టొచ్చని కాదు: 18 ఏళ్ల లోపు వారిపై క్రూరత్వానికి 2015 బాలల న్యాయ చట్టం ఉంది.