స్వాట్ మోడల్‌లో (నదీ బేసిన్‌లో నీరు, ఎరువుల పోషకాలు ఎటు ఎంత పోతాయో లెక్కించే కంప్యూటర్ మోడల్) ప్రవాహం సరిపోయింది, నైట్రేట్ మాత్రం మైనస్‌లోనే ఉంది. ఇంకా ఏ పారామీటర్లు కలపాలి?

మీ ప్రశ్న చదవగానే నాలుగేళ్ల కిందటి నా అవస్థ గుర్తొచ్చింది. ప్రవాహానికి ఎన్‌ఎస్‌ఈ (మోడల్ లెక్క కొలతకి ఎంత దగ్గరో చెప్పే స్కోరు, 1 అయితే పూర్తిగా సరిపోయినట్టు) 0.7 దాటింది, నైట్రేట్‌కి మైనస్ వస్తోంది, పారామీటర్లు సరిచేసే స్వాట్-కప్ ప్రోగ్రాంలో 2,000 రన్‌లు వేసినా కదలడం లేదన్నారు. వరి ఆయకట్టు ఎక్కువున్న బేసిన్ అని కూడా రాశారు. ఇప్పుడప్పుడే కొత్త పారామీటర్ ఏదీ కలపకండి. తప్పు మోడల్లోకి వెళ్లే లెక్కల్లో ఉండే అవకాశమే ఎక్కువ.

నేను చేసింది మున్నేరు మీద. ఖమ్మం పక్క నుంచి వచ్చి కృష్ణలో కలిసే నది. నా మోడల్ ఇచ్చే నైట్రేట్, కొలిచిన దాంట్లో నాలుగో వంతు కూడా ఉండేది కాదు. ఎన్‌పెర్కో (వాన నీటితో కొట్టుకుపోయే నైట్రేట్‌ని నిర్ణయించే పారామీటర్) పెంచాను, డీనైట్రిఫికేషన్ (నైట్రేట్ వాయువుగా మారి పోవడం) తగ్గించాను. మూడు వారాలు అదే పని. చివరికి ల్యాబ్ రిపోర్టు ప్రింటు తీసి చూస్తే, కాలమ్ పైన చిన్న అక్షరాల్లో ‘ఎన్‌ఓ3 రూపంలో’ అని ఉంది! స్వాట్ ఇచ్చేది నైట్రేట్‌లోని నైట్రోజన్ బరువు మాత్రమే. ఎన్‌ఓ3 బరువు 62, అందులో నైట్రోజన్ 14. అంటే కొలిచిన విలువని 4.43తో భాగించాలి. భాగించాక చూస్తే డీఫాల్ట్ విలువలతో వేసిన మొదటి రన్నే నయం. ఫాస్ఫేట్‌కీ ఇదే తంటా, అక్కడ 3.07.

రెండోది ఎరువు. నేను మొదట ఆటో ఫెర్టిలైజేషన్ పెట్టి వదిలేశాను. అది పైరుకి ఎప్పుడు కొరత వస్తే అప్పుడు వేస్తుంది, మన రైతు అలా వేయడు కదా. ఊళ్లోకి వెళ్లి అడిగితే ఒకాయన వేళ్ల మీద చెప్పేశాడు: ‘దుక్కిలో డీఏపీ ఒక బస్తా, పిలకలప్పుడు యూరియా బస్తాన్నర, చిరుపొట్టకి ఇంకో బస్తాన్నర.’ యూరియా బస్తా 45 కిలోలు, అందులో నైట్రోజన్ 46 శాతం, అంటే బస్తాకి 20.7 కిలోలు. మూడు బస్తాలకి ఎకరాకు 62, హెక్టారుకి 153 కిలోలు. డీఏపీలోది ఇంకో 22. 2018కి ముందు యూరియా బస్తా 50 కిలోలు, పాత సంవత్సరాలకి ఆ లెక్కే వేయండి. డీఏపీ బస్తా మీద 46 శాతం అని ఉండేది పీ2ఓ5. అసలు ఫాస్ఫరస్ కావాలంటే 0.436తో గుణించాలి.

ఆయన చెప్పిన ఇంకో మాట ఏ మాన్యువల్లోనూ నాకు దొరకలేదు: యూరియా చల్లేముందు మడిలో నీళ్లు తీసేస్తారు, ఒకట్రెండు రోజులయ్యాక మళ్లీ పెడతారు. ఆ రెండో తడి పెట్టాక వాన పడి గట్లు పొర్లితే నైట్రోజన్ నేరుగా మురుగు కాలువలోకే. నేను ఎరువు తేదీలు ఒక వారం జరిపితేనే ఆగస్టు పీక్ దాదాపు కుదిరింది.

కాలువ నీళ్ల సంగతీ చూసుకోండి. మా దగ్గర సాగర్ ఎడమ కాలువ నీళ్లు పొలాల్లోంచి నదిలోకి దిగుతాయి. నీటి మూలం ‘బేసిన్ బయట’ అని కాకుండా నది అనో భూగర్భం అనో పెడితే మోడల్ ఆ నీళ్లని అక్కడి నుంచే తోడుకుంటుంది.

ఇవన్నీ అయ్యాక, కొలిచిన గాఢతని ప్రవాహంతో పాటు గ్రాఫ్ గీయండి. ప్రవాహం పెరిగితే గాఢత పెరుగుతోందా, అది పొలాల నుంచి. ఎండాకాలం నీళ్లు తగ్గినప్పుడు పెరుగుతోందా, ఊరి మురుగునీటిని పాయింట్ సోర్స్‌గా (ఒకే చోట నదిలో కలిసే మూలంగా) కలపలేదన్నమాట. దాన్ని పారామీటర్లు తిప్పి సరిచేయబోతే నంబరు కుదురుతుంది కానీ మోడల్ అబద్ధం చెబుతుంది.

నమూనాలు నెలకొక్కటే ఉంటే వాటిని నెల మొత్తానికి సాగదీయకండి. ఆ రోజు మోడల్ విలువతోనే పోల్చండి. 2007లో మోరియాసి బృందం ఇచ్చిన కొలమానంలో, నెలవారీ లెక్కకి ప్రవాహంలో పీబయాస్ (మొత్తం మీద మోడల్ ఎంత శాతం ఎక్కువో తక్కువో చూపేది) ±25 శాతం లోపు ఉండాలంటే, నైట్రోజన్, ఫాస్ఫరస్‌లకి ±70 దాకా సరే అన్నారు. కాబట్టి నైట్రేట్ ప్రవాహమంత బాగా కుదరలేదని టెన్షన్ పడొద్దు. నాకు రెండు పారామీటర్ సెట్లు ఒకే ఎన్‌ఎస్‌ఈతో వచ్చాయి. ఒకదాంట్లో నైట్రేట్ అంతా ఉపరితల ప్రవాహంలో, ఇంకోదాంట్లో సగం పైగా భూగర్భ జలంలో. పైరు తీసుకున్న నైట్రోజన్ చూస్తే రెండోదాంట్లో దిగుబడి సగానికి పడిపోయింది, దాన్ని తీసేశాను.

ముందు మీ ల్యాబ్ రిపోర్టు హెడ్డింగూ, ఎరువుల తేదీల పట్టికా ఇక్కడ పెట్టండి, చూస్తాను. పారామీటర్ల రేంజ్‌లు తర్వాత మాట్లాడుకుందాం.