మీటరును అనుమానించే ముందు న్యూట్రల్ చూడండి

మీ ప్రశ్న ఏంటంటే, ఇంటి కరెంటు మీటరు ఎక్కువ తిరుగుతోందని అనుమానంగా ఉంది, దాన్ని మనమే కాలిబ్రేట్ చేసుకోవచ్చా, అంటే కొలత సరిచూసి దిద్దుకోవచ్చా, రీడింగులు కంప్యూటర్లో చూసుకునే దారి ఉందా అని.

మొదటిదానికి జవాబు, వద్దు. ఆ సీలు జోలికి వెళ్లారంటే విద్యుత్ చట్టం 2003లోని 135వ సెక్షన్ మెడకు చుట్టుకుంటుంది, మీరు ఎంత మంచి ఉద్దేశంతో విప్పారో వినే ఓపిక ఎవరికీ ఉండదు. కాలిబ్రేట్ చేసుకోవాల్సింది మన దగ్గరుండే కొలిచే పరికరాన్ని. కంప్యూటర్లో చూడటం మాత్రం కుదురుతుంది, నేను మూడు నెలలు చూశాను.

మేం హనుమకొండలో పై పోర్షన్‌లో అద్దెకు ఉంటున్నాం. కింద ఇంకో కుటుంబం, ఎవరి మీటరు వాళ్లకే. మాకు నెలకు 165, 170 యూనిట్లు వచ్చేవి, 200 యూనిట్ల దాకా ఉచితం చేసే తెలంగాణ గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు. కింద కొత్తవాళ్లు దిగిన నెల నుంచి 208, తర్వాత 221. 200 దాటితే దాటిన వాటికే కాదు, మొత్తం యూనిట్లకూ కట్టాలి, 201 అయినా అంతే. పైగా రీడింగ్ తీసే అబ్బాయి ఒక నెల 34 రోజులకు వచ్చాడు, ఆ నాలుగు రోజుల యూనిట్లు ఎవరి ఖాతాలో వేసుకోవాలి? దీని మీద ఎవరూ గట్టిగా అడగకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. మధ్యతరగతి ఇంట్లో అది చిన్న విషయం కాదు.

మా ఆవిడ ఫ్రిజ్‌ను అనుమానించింది, నేను మీటరును. ఫీజు కట్టి టెస్టింగ్ పెట్టించాను. వచ్చినాయన చూసి "మీటరు మంచిగనే ఉంది సార్, వాడకమే ఎక్కువైంది" అని వెళ్లిపోయాడు. నాకు నిద్ర పట్టలేదు.

మీటరు మీద 3200 ఇంప్/కేడబ్ల్యూహెచ్ అని ఉంటుంది చూడండి, ఎర్ర లైటు 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ అని దానర్థం. ఇల్లంతా ఆపేసి 1000 వాట్ల వాటర్ హీటర్ రాడ్డు ఒక్కటే పెట్టాను. లెక్క ప్రకారం 100 సార్లు వెలగడానికి 112 సెకన్ల పైన పట్టాలి, నాకు 99 సెకన్లలో అయిపోయింది. మీటరు 13 శాతం ఎక్కువ తిరుగుతోందని నేను దాదాపు ఖాయం చేసుకున్నాను. మా బావమరిది పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ ల్యాబ్ చూసుకుంటాడు, ఫోన్ చేస్తే మొట్టమొదట అడిగింది "బావా, అప్పుడు వోల్టేజ్ ఎంత ఉంది?" అని. చూస్తే 245. రాడ్డు మీద రాసిన 1000 వాట్లు 230 వోల్టుల దగ్గర మాట, 245 దగ్గర అదే రాడ్డు 1135 వాట్లు లాగుతుంది. అంటే మీటరు కరెక్టే. యూట్యూబ్‌లో రాడ్డు పెట్టి మీటరు మోసం అని చూపించేవాళ్లు వోల్టేజ్ ఎందుకు చూపించరో ఇప్పుడు అర్థమైంది కదా.

ఆ తర్వాత బావమరిదే పీజెమ్-004టీ అనే చిన్న మాడ్యూల్ తెచ్చాడు. ఒక రింగులోంచి ఫేజ్ వైరు (కరెంటు లోపలికి వచ్చే వైరు) పోనిచ్చి, వోల్టేజ్ కోసం ఫేజ్, న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) కలిపితే వోల్టేజ్, కరెంటు, వాట్లు, యూనిట్లు అన్నీ యూఎస్‌బీ ద్వారా పాత లాప్‌టాప్‌కి వస్తాయి. ల్యాబ్‌లో స్టాండర్డ్ మీటరు పక్కన పెట్టి చూస్తే రాడ్డు లోడు మీద 1.2 శాతం తక్కువ చూపించింది, ప్రోగ్రామ్‌లో 1.012తో గుణించేశాం. కాలిబ్రేషన్ అంటే ఇంతే, కానీ ఒక్క లోడు మీద చూసి వదిలేయకండి, బల్బు మీద ఒకసారి, గీజర్ మీద ఒకసారి చూడాలి. బోర్డులో బిగించే పని మాత్రం ఎలక్ట్రీషియన్ చేత చేయించండి.

దాంతోపాటు మీటరు ఎర్ర లైటు ఎదురుగా ఒక ఫోటో ట్రాన్సిస్టర్‌ను (వెలుతురును పసిగట్టే చిన్న భాగం) నల్ల టేపుతో అంటించి ఆర్డునో అనే చిన్న ప్రోగ్రామ్ బోర్డుకి కలిపాం. లైటు వెలిగిన ప్రతిసారీ టైముతో సహా ఫైల్లో ఒక లైను పడుతుంది. మీటరు మీద 10 యూనిట్లు మారేసరికి నా లెక్క 32,000 రావాలి, మొదట 33 వేలు దాటింది. సాయంత్రం ఎండ ఏటవాలుగా మీటరు పెట్టె మీద పడుతోంది, అదీ సంగతి. నల్ల అట్టతో గొట్టం చేసి తొడిగాక సరిపోయింది.

ఇక అసలు విషయం. వారం తర్వాత ఎక్సెల్‌లో మాడ్యూల్ లెక్క, మీటరు లైటు లెక్క రెండు గీతలుగా పక్కపక్కన పెట్టి చూశాను. పగలు రెండూ దాదాపు కలిసే నడుస్తున్నాయి. తెల్లవారుజామున 5:40కి మాత్రం మా ఫేజ్‌లో ఫ్రిజ్ తాలూకు 90 వాట్లు పోతుంటే మీటరు లెక్కలో 1050 వాట్లు. మర్నాడు కూడా అంతే, ఆ మర్నాడు కూడా. నాలుగో రోజు నేనే 5:30కి లేచి ఫేజ్‌ను మాత్రమే తెంపే ఎంసీబీ స్విచ్‌లన్నీ దించేసి టార్చ్ పట్టుకుని కిందికి వెళ్లాను. మా ఇల్లంతా చీకటి, ఫ్రిజ్ చప్పుడు కూడా లేదు. మీటరు మీద ఎర్ర లైటు సెకనుకోసారి వెలుగుతూనే ఉంది, దాని పక్కన ఎర్త్ అని రాసిన చిన్న లైటు ఆరకుండా అలాగే ఉంది. లోపల కిందివాళ్ల బాత్రూంలో నీళ్ల చప్పుడు. పైకి పరిగెత్తి ఫేజ్, న్యూట్రల్ రెండూ తెగే మెయిన్ దించి వచ్చి చూశాను, లైటు ఆగిపోయింది.

ఈ మీటర్లు ఫేజ్‌లో పోయే కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటునూ రెండిటినీ కొలిచి, ఏది ఎక్కువైతే దాన్నే యూనిట్లకు తీసుకుంటాయి. దొంగతనం ఆపడానికి పెట్టిన ఏర్పాటు అది. ఆ రెండిటికీ తేడా వస్తే ఎర్త్ లైటు వెలుగుతుంది. కింద 2000 వాట్ల గీజర్ వేస్తే తిరిగొచ్చే కరెంటులో సగం మా న్యూట్రల్‌లోంచి వస్తోంది, మా మీటరు దాన్ని మా లెక్కలో రాసేస్తోంది. కిందివాళ్లకు ఆ సగం తగ్గుతుందా అంటే అదీ లేదు, వాళ్ల ఫేజ్‌లో మొత్తం పోతోంది కాబట్టి వాళ్లకు పూర్తిగా పడుతుంది. మేం గీజర్ వేసినప్పుడు వాళ్లకూ ఇదే జరుగుతుంది. ఇద్దరం కలిసి వాడనిదానికి కడుతున్నాం.

రెండు న్యూట్రళ్లు కలిసింది బోరు మోటారు బోర్డులో. కిందివాళ్లు దిగే ముందు, ఏ మీటరు నుంచైనా మోటారు నడిచేలా మార్చుకునే ఛేంజోవర్ స్విచ్ పెట్టించారట. ఎలక్ట్రీషియన్ ఫేజ్‌లను మాత్రం స్విచ్‌కి ఇచ్చి రెండు న్యూట్రళ్లనూ మెలిపెట్టి టేపు చుట్టేశాడు. ఫేజ్, న్యూట్రల్ రెండూ కలిపి మార్చే డబుల్ పోల్ ఛేంజోవర్ పెట్టించి ఆ మెలిక విప్పిస్తే ఎర్త్ లైటు అప్పటికప్పుడే ఆరిపోయింది.

నా నమ్మకం ఏంటంటే పైనా కిందా పోర్షన్లున్న ఇళ్లలో మీటరు ఎక్కువ తిరుగుతోంది అనే గొడవల్లో సగం ఇవే. అందుకే పరికరాలు కొనేముందు మీ మీటరు మీద ఎర్త్ లైటు వెలుగుతోందేమో చూడండి, పైసా ఖర్చు లేదు. ప్లగ్‌లో పెడితే బిల్లు సగమవుతుందని అమ్మే డబ్బాలు కొనకండి, ఇళ్లకు బిల్లు వేసేది యూనిట్ల మీద, ఆ డబ్బాలో ఉండే కెపాసిటర్ వాటిని తగ్గించలేదు. అయస్కాంతం వీడియోలు అసలే నమ్మకండి, అయస్కాంతం తగిలితే ఫుల్ లోడు లెక్కన తిరిగే మీటర్లు కూడా ఉన్నాయి.

మెలిక విప్పిన తర్వాతి నెల మాకు 168 వచ్చింది, కిందివాళ్లకు కూడా 20 యూనిట్ల దాకా తగ్గిందని వాళ్ల అమ్మాయి వచ్చి చెప్పింది. ఆర్డునో ప్రోగ్రామ్, వైరింగ్ బొమ్మ కావాలంటే కామెంట్లో అడగండి, పెడతాను.