చిట్టి ఉంగరం కొలత

చిట్టీ,

నిశ్చితార్థం ఉంగరం అబ్బాయి వాళ్లు హైదరాబాద్‌లో చేయిస్తున్నారట, నీ వేలి నంబరు అడిగారట. నువ్వేమో దారం చుట్టి కొలిచి పంపేశావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ముందు వాళ్లకి ఓ మెసేజ్ పెట్టు, రెండు రోజులు ఆగమని.

నా నిశ్చితార్థానికీ ఇదే జరిగింది. మా నాన్న దారం ముక్క కవర్లో పెట్టి గుణుపురం పంపారు. పుష్యమాసం, పొద్దున్నే చన్నీళ్లతో అంట్లు తోమి వచ్చిన చెయ్యి. చలికి వేళ్లు సన్నబడతాయి. పైగా దారం బిగించి చుడితే సాగుతుంది, వదిలితే పొట్టిదవుతుంది. వైశాఖంలో మీ పెదనాన్న తొడగబోతే ఉంగరం కణుపు దగ్గర ఆగిపోయింది. అందరూ చూస్తుండగా కొబ్బరినూనె రాసి ఎక్కించారు. రాత్రికి వేలు వాచి, సబ్బు నురగతో గంటసేపు తంటాలు పడి తీశాం.

అందుకని దారం వద్దు. నోటుబుక్కు కాగితం సన్నగా కత్తిరించు. సాయంత్రం, ఇంటిపనులయ్యాక కాసేపు కూర్చుని కొలువు. మజ్జిగౌరి గుడికి ఎండలో నడిచొచ్చిన వెంటనే మాత్రం కాదు, అప్పుడు వేళ్లు ఉబ్బి ఉంటాయి. ఏ వేలికి పెట్టుకుంటావో ఆ వేలే కొలవాలి, కుడిచేతి వేళ్లు సాధారణంగా ఓ పిసరు లావు. వేలి మొదట్లో కాగితం చుట్టి, అంచు కలిసిన చోట పెన్నుతో గీత పెట్టి, స్కేలు మీద మిల్లీమీటర్లు చూడు. 54 వచ్చిందనుకో, 40 తీసెయ్, 14. మన షాపుల్లో నంబరు దాదాపు ఇదే. అమెరికా లెక్కలో అదే వేలు సుమారు 7 అవుతుంది, కాబట్టి ఉత్త నంబరు కాకుండా మిల్లీమీటర్లు కూడా రాసి పంపు.

నీ కణుపులు మీ అమ్మలాగే లావు. కణుపు మీద కూడా చుట్టి, రెంటికీ మధ్య కొలత తీసుకో. ఉంగరం వెడల్పుదైతే ఇంకో నంబరు పెంచమను.

పాత ఉంగరం లోపలి అడ్డం కొలిచి 3.14తో గుణించినా చుట్టుకొలత వస్తుంది. కానీ అక్కడ 1 మిల్లీమీటరు తప్పితే మూడు నంబర్లు తేడా! నాకైతే ఆ పద్ధతి మీద నమ్మకం లేదు. రాయగడలోనే ఏ బణియా (కంసాలి) దగ్గరకెళ్లినా నంబర్ల రింగుల గుత్తి ఉంటుంది, వేసి చూపిస్తాడు. కణుపు దగ్గర కొంచెం పట్టి రావాలి, అది సరైన సైజు. చుట్టూ రాళ్లున్న ఉంగరమైతే ఈ పని తప్పకుండా చెయ్యి, దాన్ని తర్వాత కోసి అతికించడం కష్టం.

అబ్బాయి ఉంగరం కొలత మీ నాన్న తీస్తానంటే, ఇంట్లో దారపు ఉండ దాచేయండి.

పెద్దమ్మ,
పర్లాకిమిడి