ఎన్ని జీబీలు ఇస్తారని కాదు, అకౌంట్ మళ్లీ మన చేతికి వస్తుందా అని చూడండి

మీ అమ్మాయి డిగ్రీ అయిపోయి ఉద్యోగాలకు అప్లై చేస్తోందని, ఇంటిల్లిపాదీ వాడే జీమెయిల్ నిండిపోయిందని, కొత్తగా ఏ ఫ్రీ మెయిల్ తీసుకోవాలని అడిగారు. నాకు జరిగింది ముందు చెబుతానండీ.

నా మొదటి మెయిల్ ఐడీ నేను తెరిచింది కాదు. 2013లో ఎంసెట్ అప్లికేషన్ పెట్టడానికి నెట్ సెంటర్‌కు వెళ్తే అక్కడి అన్న రెండు నిమిషాల్లో తెరిచేసి, ఐడీ, పాస్‌వర్డ్ చిన్న చీటీ మీద రాసిచ్చాడు. పాస్‌వర్డ్ మరిచిపోతే అకౌంట్ తిరిగి తెచ్చుకోవడానికి ఇచ్చే రికవరీ నంబర్‌గా తన నంబరే పెట్టాడన్న సంగతి నాకు తెలీదు. కాలేజీ, బ్యాంకు, పాస్‌పోర్టు అన్నిటికీ ఆ ఐడీనే ఇచ్చుకుంటూ వచ్చాను. ఆరేళ్ల తర్వాత ఫోన్ పోయింది. కొత్త ఫోన్‌లో పాస్‌వర్డ్ గుర్తు రాలేదు. ఓటీపీ పంపామంటూ నంబర్‌లో చివరి రెండంకెలు చూపిస్తోంది, 47 అని. మా ఇంట్లో ఎవరి నంబర్ చివరా 47 లేదు. పరుగెత్తుకుని వెళ్తే నెట్ సెంటర్ ఉన్న చోట టిఫిన్ సెంటర్ ఉంది. సరిగ్గా ఆ వారమే ఒక ఇంటర్వ్యూ రెండో రౌండ్ కబురు ఆ మెయిల్‌కు రావాలి. ఆ టెన్షన్ మీ అమ్మాయికి రాకూడదు.

అందుకే ఎవరి మెయిల్ తీసుకున్నా అకౌంట్ తనే, తన ఫోన్‌లోనే తెరవాలి. రికవరీకి తన నంబర్, దానితోపాటు మీ మెయిల్ ఐడీ ఇవ్వాలి. సిమ్ మార్చిన రోజే అక్కడ కూడా నంబర్ మార్చాలి.

ఇక ఏది అంటే, ఉద్యోగాల వేటకు జీమెయిల్ చాలు. ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కొక్కదానికే కాదు, గూగుల్ డ్రైవ్‌కూ గూగుల్ ఫోటోలకూ కలిపి. 2021 జూన్ నుంచి ఎక్కించే ఫోటోలన్నీ అందులోనే లెక్క. ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా అంతే. మీ ఇంటి అకౌంట్‌ను నింపింది చాలావరకు పెళ్లి వీడియోలే అయి ఉంటాయి, ఉత్తరాలు కాదు. నిండితే కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతుంది, పంపినవాళ్లకు తిరిగి వెళ్లిపోతాయి. కాల్ లెటర్ అలా పోతే ఎంత బాధ! తన కొత్త అకౌంట్‌లో ఫోటోల బ్యాకప్ ఆపేయమనండి. రెండేళ్లు అసలు తెరవకుండా వదిలేస్తే అకౌంట్ తీసేసే అవకాశం ఉంది, అదీ గుర్తుంచుకోండి.

రెజ్యూమే వర్డ్‌లో తరచూ దిద్దుకుంటుందంటే మైక్రోసాఫ్ట్ వాళ్ల మెయిల్ అవుట్‌లుక్ కూడా బాగుంటుంది. అదే అకౌంట్‌తో బ్రౌజర్‌లో వర్డ్ ఉచితంగా వాడుకోవచ్చు. ప్రోటాన్ అని ఇంకో మెయిల్ ఉంది, స్విట్జర్లాండ్ కంపెనీది. మన ఉత్తరాలు ఆ కంపెనీ కూడా చదవలేనట్టు భద్రపరుస్తుంది. కానీ పాస్‌వర్డ్ మరిచిపోయి, ముందే దాచుకోవాల్సిన రికవరీ మాటలు కూడా లేకపోతే అకౌంట్ తిరిగి వచ్చినా పాత మెయిళ్లు తెరుచుకోవు. నాలాంటి మతిమరుపువాళ్లకు నేనైతే చెప్పను. రేపు తనే ఏదైనా వ్యాపారం పెట్టి సొంత డొమైన్ పేరుతో, అంటే @ తర్వాత తన వ్యాపారం పేరే వచ్చేలా మెయిల్ కావాలంటే అప్పుడు జోహో మెయిల్ చూడొచ్చు, ఇప్పుడు అవసరం లేదు.

ఐడీ పేరు ఫోన్‌లో చెబితే ఎదుటివాళ్లు తప్పు లేకుండా రాసుకోగలిగేలా ఉండాలి. అండర్‌స్కోర్లు, ముద్దుపేర్లు వద్దు. కావాల్సిన పేరు దొరకలేదని మధ్యలో చుక్క పెట్టి చూడటం కూడా వృథా, జీమెయిల్ చుక్కలను లెక్కలోకి తీసుకోదు.

చివరిగా, టూ స్టెప్ వెరిఫికేషన్, అంటే పాస్‌వర్డ్ తర్వాత ఫోన్‌తో ఇంకోసారి సరిచూసుకునే ఏర్పాటు పెట్టించండి. అప్పుడు గూగుల్ నుంచి ఎనిమిదేసి అంకెల బ్యాకప్ కోడ్‌లు పది తీసుకోవచ్చు. ఒక్కో కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఫోన్ పోయిన రోజు మనల్ని లోపలికి పంపేవి అవే. ప్రింట్ తీసి సర్టిఫికెట్ల ఫైల్లో పెట్టమనండి. నావి టెన్త్ మార్కుల మెమో వెనకాల, అదే ప్లాస్టిక్ కవర్లో ఉన్నాయి.