కన్యాశుల్కానికి సెట్ వేయబోతున్న మేనకోడలికి

అమ్మలూ,

ఆశీస్సులు. మీ వాళ్లు కన్యాశుల్కాన్ని రెండున్నర గంటలకు కుదించి ఆడుతున్నారనీ, రంగాలంకరణ నీకు అప్పజెప్పారనీ మీ అమ్మ చెప్పింది. నువ్వు పంపిన బొమ్మలు చూశాను. చెయ్యి బాగా తిరిగింది. అయితే మధురవాణి ఇల్లు, అగ్నిహోత్రావధాన్ల ఇల్లు, లుబ్ధావధాన్ల ఇల్లు, విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులుగారి గది, అన్నీ విడివిడిగా గీశావు. ఇవన్నీ కట్టి మారుస్తూ పోతే చీకట్లో సామాను మోయడానికే బోలెడంత సమయం పోతుంది. నవ్వుతున్న జనం ఆ చీకట్లో ఫోన్లు తీస్తారు. మళ్లీ వాళ్లని నవ్వులోకి తెచ్చుకోవడం నటులకి ఎంత కష్టమో నీకు తెలియాలి.

ముందు ఆ బొమ్మలు పక్కన పెట్టు. పెన్సిలు పట్టుకుని నాటకం చదువు. 1892లో విజయనగరంలో తొలిసారి ఆడింది చిన్న నాటకం. మనం చదివేది 1909లో గురజాడ పెంచి రాసిన ఏడంకాల ప్రతి. మీ దర్శకుడు ఏవి ఉంచాడో, ఏవి తీసేశాడో చూసుకుని, మిగిలినదాంట్లో ఎవరు ఎక్కడ కూర్చుంటారు, ఎక్కడ దాక్కుంటారు, ఎటు పారిపోతారు, చేతిలో ఏముంటుంది అన్నవి మాత్రమే అంచున రాసుకో. గోడ రంగు, కిటికీ ఆకారం ఇప్పుడే వద్దు.

అలా చదివితే నీకు మొట్టమొదట మంచం కనపడుతుంది. మధురవాణి ఇంట్లో రామప్పపంతులు మంచం కింద దూరతాడు. పూటకూళ్లమ్మ చీపురుతో వచ్చేసరికి గిరీశం కూడా అక్కడే చేరతాడు. ఆ రంగమంతా ఆ మంచమే ఆడిస్తుంది. కాబట్టి నీ సెట్ అక్కణ్ణించి పుట్టాలి. ఇంట్లో వాడే మంచం అడుగున్నర ఎత్తుంటుంది. దాని కింద ఇద్దరు మగవాళ్లు పడుకుంటే జనానికి మొహాలు కనపడవు. రెండడుగులకి తగ్గకుండా చేయించు. ముందువైపు దుప్పటి వేలాడనివ్వకు. వేదికకి సమాంతరంగా వెయ్యకుండా కాస్త ఏటవాలుగా తిప్పి వెయ్యి. అప్పుడు మీద కూర్చున్న మధురవాణీ, కింద నక్కిన పంతులూ ఒకేసారి కనపడతారు. పైన ఆమె నవ్వు, కింద అతని భయం, ఆ రెండూ ఒక్క చూపులో పడాలి. మంచం కాళ్లు గట్టివి వేయించు, కిర్రుమనకూడదు. రిహార్సల్స్ మొదలైన రోజు నుంచీ నటులకి అదే మంచం ఇవ్వు. చివరి రోజు కొత్త మంచం తెస్తే తలలు బద్దలవుతాయి.

ఇక అదే మంచాన్ని మిగతా ఇళ్లకీ వాడు. పరుపు, దిండ్లు తీసేసి చిరిగిన చాప పరిస్తే లుబ్ధావధాన్ల లోభం కనపడుతుంది. ఎనిమిదడుగుల పొడుగు, రెండడుగుల వెడల్పు, అడుగు ఎత్తులో రెండు చెక్క పెట్టెలు చేయించావంటే అవి అగ్రహారంలో వీధి అరుగులవుతాయి. వాటినే కలిపితే పేకాట ఆడే చోటు. మార్చేది చీకట్లో కాదు, వెలుగులోనే, పాత్రలే మార్చాలి. లుబ్ధావధాన్ల నౌకరు అసిరిగాడు అరుగు లాక్కుంటూ వస్తే అదీ నాటకమే.

కల్పన అంటే ఆర్భాటం అని నీ స్నేహితులు అన్నారని రాశావు. ఆర్భాటానికి దాని చోటు ఉంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజం వాళ్లు ఇప్పటికీ రంగుతెరలు చుట్టి దింపుతూ మాయాబజార్ ఆడితే చూడు. మంటలు, మాయమవడాలు, గాల్లో బాణాలు. పౌరాణికానికి అది ప్రాణం, నేను చేతులెత్తి మొక్కుతాను. గురజాడ నాటకంలో మాయంతా మాటలోనే ఉంది. నీ సెట్ ఆ మాటకి అడ్డం రాకూడదు.

లేనిదాన్ని చూపించడం ఎలాగో తెలుసుకోవాలంటే వేదికకి దీపాలు పెట్టడంలో పేరుపడ్డ తాపస్ సేన్ గురించి చదువు. 1959లో కలకత్తా మినర్వా థియేటర్‌లో దర్శకుడు ఉత్పల్ దత్ 'అంగార్' నాటకం ఆడితే, బొగ్గు గనిలోకి నీళ్లు ముంచుకొచ్చే ఘట్టాన్ని సేన్ దీపాలతో చేశాడు. నీ నాటకంలోనూ అలాంటి చోట్లున్నాయి. నాటకం మొదలయ్యే విజయనగరం బొంకులదిబ్బ మీద ఏమీ పెట్టకు. ఖాళీ వేదిక, సాయంకాలపు వెలుగు, ఒక్క గిరీశం. అగ్నిహోత్రావధాన్ల భార్య వెంకమ్మ పడ్డ నుయ్యి కట్టకు. లోపల్నుంచి కేక వినపడి, వేదిక మీదివాళ్లు పెరటివైపు పరిగెడితే ప్రతివాడూ తన ఊరి నూతినే చూసుకుంటాడు.

వీలైతే విజయనగరం వెళ్లు. గురజాడ ఇల్లు చూడు, పాత పెంకుటిళ్ల అరుగుల ఎత్తు టేపుతో కొలుచుకో. ఫొటోలో ఎత్తు తెలియదు.

పని సంగతులు కొన్ని. అడుగుకి అర అంగుళం లెక్కన అట్టముక్కలతో నమూనా చేసి దర్శకుడి ముందు పెట్టు, కాగితం మీద ఒప్పుకున్నవాళ్లు నమూనా చూశాక మాట మారుస్తారు. ఆ సెట్‌నే అసలు కొలతలతో రిహార్సల్ గదిలో నేల మీద సుద్దతో గీయి. హాలుకి ముందే వెళ్లి మొదటి వరసలో రెండు చివరి కుర్చీల్లోనూ, ఆఖరి వరసలోనూ కూర్చుని చూడు. అక్కడ్నుంచి మంచం కింద కనపడకపోతే చోటు మార్చాలి. గోడలకి తెల్లసున్నం రంగు వద్దు, దీపం పడగానే అదే మెరిసి మొహాలు నల్లబడతాయి. పచ్చమట్టి కలిపిన మాసిన రంగు వెయ్యి. ఎనామిల్ జోలికి పోకు, నిగనిగలాడుతుంది. నీలం గుడ్డ పసుపు దీపంలో మట్టిరంగుకి తిరుగుతుంది, అందుకని మధురవాణి పరుపు మీద దుప్పటి కొనేముందు ముక్క తెచ్చి రంగోద్దీపనం, అంటే వేదికకి దీపాల పని, చేసే అబ్బాయి దీపం కింద పెట్టి చూసుకో. అతనితో నువ్వు మొదటి రోజు నుంచే మాట్లాడుతుండాలి, సెట్ అయ్యాక కాదు. వేడి దీపాలకి గుడ్డ ఏదీ దగ్గరగా వేలాడకూడదు. ఈ ఒక్క విషయంలో ఎవరు తొందరపెట్టినా వినకు.

ప్లైవుడ్ షీటు ఎనిమిదడుగులు నాలుగడుగులు వస్తుంది. నీ కొలతలు దానికి సరిపోయేట్టు వేసుకుంటే ముక్కలు వృథా పోవు. విడదీసే ప్రతి ముక్క వెనకా అంకె రాయి, బోల్టులు ఒకే సైజువి వాడు. నాటక పరిషత్తుల పోటీలకి వెళ్లినప్పుడు మీ ముందు నాటకంవాళ్లు దిగేదాకా వేదిక మీ చేతికి రాదు. ఎవరు ఏ అంకె మొయ్యాలో ముందే చెప్పి, గడియారం పెట్టి నాలుగైదుసార్లు కట్టి విప్పించు.

కొత్త బొమ్మ గీశాక పంపు. మంచం కొలతలు వేరే కాగితం మీద రాయి, ఇక్కడ మన వడ్రంగికి చూపించి కర్ర ఏది వెయ్యాలో అడిగి చెబుతాను.

మీ మామయ్య